తల్లి తగరం

కైరవాన్ రాగి బజారులో కళాయి వేసేవాళ్ళు ఎందరున్నా, కళాయి అనగానే ఊరి నోట ముందు వచ్చే పేరు తిజానీది. గొప్పకు చెప్పడం కాదు, ఉన్నమాటే. సముద్రం ఒడ్డు ఊళ్ళ నుంచి కూడా పెళ్ళివాళ్ళు తమ కాగులు బండికెత్తుకుని, దారిలో ఉన్న కొట్లన్నీ దాటుకుని వచ్చి ఆయన అరుగు ముందు దించేవారు. గవర్నరు గారి వంటశాల గిన్నెలు ఆయన చేతివే. మక్కా ప్రయాణం కట్టినవాళ్ళ వెంట వెళ్ళిన గిన్నెలూ ఆయన చేతివే. పేటలన్నీ కలిసి పండగలకు వాడుకునే ఉమ్మడి కాగు ఒకటుంది, దాన్ని దొర్లించాలంటేనే నలుగురు మగాళ్ళు కావాలి. దాని లోపల ఈగ వాలేంత మచ్చ కూడా లేకుండా పూత పట్టించినవాడు తిజానీ. మసీదులో అజాన్ చెప్పే ముసలాయన అందులోకి తొంగిచూసి, నెత్తిమీది ఎర్ర టోపీ సర్దుకుని మరీ వెళ్ళాడని బజారు ఇప్పటికీ చెప్పుకుంటుంది.

రాగి గిన్నెకు కళాయి ఎందుకో తెలియనివాళ్ళు ఉండరు. పులుపు తగిలితే రాగి చిలుమెక్కుతుంది, ఆ చిలుము కడుపులోకి పోతే మనిషి మెలికలు తిరిగిపోతాడు. అందుకే లోపల తెల్లగా తగరం పూత. అన్నానికీ రాగికీ మధ్య ఆ పూతే కాపలా. ఆ కాపలా నమ్మదగిందా కాదా అని చూసేది అమీన్. పని నేర్పే గురువులు, అంటే బజారు ఉస్తాలందరూ కూర్చుని తమలో ఒకణ్ణి అమీన్‌గా ఎన్నుకుంటారు, ఒకసారి ఎన్నుకున్నాక చచ్చేదాకా ఆయన మాటే చట్టం. తిజానీ ఆ పీట మీద కూర్చున్నప్పటి నుంచి, తన చేతిదైనా ఇంకొకరి చేతిదైనా, గిన్నెను వెలుతురుకు తిప్పి చూసి, వేలితో తడిమి, నచ్చితేనే అంచు మీద చిన్న ఉలితో నెలవంక కొట్టేవాడు. నెలవంక ఉన్న గిన్నెలో వండినదాన్ని ఊరు కళ్ళు మూసుకుని తినేది.

ఇంత పేరున్న మనిషి పుట్టింది ఆలివ్ తోటల మధ్య ఒక మారుమూల పల్లెలో. మసీదు బడిలో నాలుగు ఖురాన్ సూరాలు బట్టీపట్టడం, పేరు రాయడం, అంతటితో చదువు సరి. తండ్రి పోయాక మేనత్త చేయి పట్టుకుని తీసుకొచ్చి ఉస్తా బెల్హసన్ కొట్లో వదిలిపెట్టింది. పని నేర్చుకునేవాడు ముందు చేయాల్సింది గిన్నెలో దిగడం. తడి ఇసుక పోసి, అందులో రెండు కాళ్ళూ పెట్టి నిలబడి, గోడను పట్టుకుని నడుము తిప్పుతూ పాత పూత గీకాలి. అరికాళ్ళు చిట్లేవి. పగలంతా ఉస్తా కొట్లో కాళ్ళు అరగదీసి, చీకటిపడ్డాక ఉస్తా ఇంట్లో అన్నం తినేవాడు. బెల్హసన్ భార్య లెల్లా మన్నూబియా వాడి కాళ్ళకు ఆలివ్ నూనె రాసి గుడ్డ కట్టేది. ఆ ఇంటి ఉప్పు తిని పెరిగి, ఆ ఇంటి పేరు నిలబెట్టినవాడు తిజానీ.

పని పూర్తిగా వచ్చిన రోజున ఉస్తా శిష్యుడి నడుముకు పట్టీ కట్టి, అందరి ఎదుటా వాడి చేతిలో పిడికెడు లోహం పెడతాడు. ఆ బజారు ఆచారం అది. దాన్ని తల్లి తగరం అంటారు. తన ఉస్తా ఇచ్చిన ముద్ద నుంచి కోసి ఇస్తాడు కాబట్టి, అది ఉస్తా చేతి గుణాన్ని మోసుకొస్తుందని నమ్మకం. ఇప్పుడు బజారులో ఉన్న ముద్దలన్నీ బెల్హసన్ ముద్ద నుంచి కోసినవే. కొత్త తగరం కరిగించిన ప్రతిసారీ అందులో తల్లి తగరం ముక్క ఒకటి వేయాలి. వేస్తే పూత నీళ్ళలా జారుతుంది, అద్దంలా మెరుస్తుంది. ముద్ద తరిగిపోతుంటే పాత సామాన్ల వాళ్ళ దగ్గర మెత్త తగరం కొని, కలిపి కరిగించి పెంచుకుంటారు. తల్లి లేని తగరంతో వేసిన పూతకు నెలవంక పడదు. అది అనాథ పూత.

తిజానీ నెలవంక కొట్టని మనిషి ఊళ్ళో ఒకడుండేవాడు. పేరు దావూ. ఎడారి వైపు నుంచి వచ్చి పశువుల సంత పక్కన కొలిమి పెట్టుకున్నాడు. నాకూ గుర్తు వేయమని ఒకసారి వచ్చి అడిగితే, "నీ ఉస్తా ఎవరు? నీ తల్లి తగరం ఏది?" అని తిజానీ అందరిముందూ అడిగి పంపేశాడు. అప్పటి నుంచి దావూ మేకల కాపర్ల గిన్నెలు, గుడారాల వాళ్ళ కెటిల్స్ చేసుకుంటూ బతికాడు.

ఇలా ఉండగా, ఒక ఏడు, ప్రవక్త పుట్టినరోజు మౌలిద్ పండగ దగ్గరపడుతున్న రోజుల్లో, రాజధాని నుంచి రాదియా అనే అమ్మాయి వచ్చింది. తిండికి తగిలే ప్రతి వస్తువునూ పరీక్షించే కొత్త కార్యాలయం ఒకటి పెట్టారు. పాల డబ్బా, నూనె సీసా మూత, మట్టి పళ్ళెం, రొట్టె చుట్టే కాగితం, దేన్నీ వదలరు. ఆ అమ్మాయి వంతు రాగికి వచ్చింది.

"మీ గిన్నెలు కొన్ని కావాలి, సీ తిజానీ," అంది, పెద్దవాళ్ళను పిలిచినట్టు పేరు ముందు సీ చేర్చి.

"వండుకోవడానికా, బిడ్డా?"

"వెనిగర్ పోసి ఉంచడానికి."

పక్క కొట్టు లారూసీ చేతిలో పని ఆపాడు. ఏ మాట దొరికినా వదిలేవాడు కాదు. "ఊరగాయ పెడతావా అమ్మాయీ? మా ఇంట్లో ముల్లంగి బోలెడుంది, పంపించమంటావా?"

రాదియా కూడా నవ్వింది. "ముల్లంగి వద్దు బాబాయ్. ఉత్త పులుపు పోసి, ఒక రాత్రీ పగలూ కదపకుండా ఉంచుతాం. గిన్నెలోంచి పులుపులోకి ఏం దిగిందో యంత్రం చెబుతుంది."

తిజానీ గోడకు వేలాడుతున్న గిన్నెల్లో మంచివి ఏరి ఏరి దించాడు. "పట్టుకెళ్ళు. మీ యంత్రానికి మంచిపని ఎలా ఉంటుందో తెలియాలిగా. అట్లాగే పశువుల సంత దగ్గర దావూ అని ఒకడున్నాడు, వాడి గిన్నె కూడా ఒకటి తీసుకెళ్ళు. చెడ్డపని ఎలా ఉంటుందో కూడా తెలుస్తుంది."

కొట్లన్నీ నవ్వాయి.

ఆ అమ్మాయి తిరిగొచ్చిన రోజున తిజానీ కొలిమి ముందు లేచి నిలబడి స్టూలు చూపించాడు. ఆమె కూర్చోలేదు. వీధి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"మీ గిన్నెలన్నిట్లోంచీ సీసం దిగింది, సీ తిజానీ. మిగతా కొట్ల గిన్నెలూ తీసుకెళ్ళి చూశాను. నెలవంక ఉన్నవన్నీ అంతే."

"యంత్రం పాడై ఉంటుంది."

"నేనూ అదే అనుకున్నాను. మళ్ళీ చేశాను. వేరే యంత్రం మీద కూడా చేశాను."

"దావూ గిన్నె?"

"అందులో ఏమీ లేదు. శుభ్రంగా ఉంది."

తిజానీ తగరం కడ్డీలు కొన్న పెట్టె తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఇవే మేము వాడేది, చూసుకో అన్నాడు. ఆమె చూసింది. ఇవి మంచివే, ఇవి కాక ఇంకేం కలుపుతారు అని అడిగింది. తిజానీ లోపలికి వెళ్ళి, గోడ గూట్లోంచి గుడ్డ మూట తీసుకొచ్చాడు. బజారు వాళ్ళది కాని చేతిలో తల్లి తగరం పెట్టడం అదే మొదలు.

రాదియా సంచిలోంచి తెల్ల కాగితం తీసి, ముందు కొత్త కడ్డీ అంచుతో గీసింది. గీత పడీ పడనట్టు పడింది. తర్వాత తల్లి తగరంతో గీసింది. పెన్సిలుతో గీసినట్టు నల్లగా పడింది.

"ఇంకా పరీక్ష చేయాలి గానీ, ఇందులో సీసం చాలా ఉంది. కాబట్టే అంత మెత్తగా జారుతోంది. మీరు కొంటున్న మెత్త తగరం కూడా ఇదే."

"సీసం తింటే ఏమవుతుంది?"

"ఒక్క పూటలో ఏమీ కాదు. అదే చిక్కు. కొద్దికొద్దిగా ఎముకల్లోకి చేరి కూర్చుంటుంది. పెద్దవాళ్ళకు కడుపునొప్పి, కాళ్ళపీకులు, వయసనుకుంటారు. చంటిపిల్లలకే ఎక్కువ ముప్పు. మాట ఆలస్యమవుతుంది, చెప్పింది తలకెక్కదు. ఎవరికి దేనివల్ల అయిందో మనం చెప్పలేం. నేనూ చెప్పలేను."

తిజానీ తల్లి తగరాన్ని మళ్ళీ గుడ్డలో చుట్టాడు. ఆమె నెమ్మదిగా అంది. "రేపటి నుంచి హోటళ్ళలో, మిఠాయి కొట్లలో ఈ గిన్నెలు ఆపించేస్తాను. అది నా చేతిలో పని. ఇళ్ళలోకి నేను వెళ్ళలేను. చట్టం గడప దగ్గర ఆగిపోతుంది. మీ మాటైతే లోపలికి వెళుతుంది. వచ్చేవారం మౌలిద్. ఊరంతా ఆ కాగుల్లోనే కదా అసీదా పాయసం వండేది."

అదీ తిజానీ మెడకు చుట్టుకున్న సంగతి. చెప్పకపోతే, ఊరు పండగపూట పిల్లలకు ఆ కాగుల్లోంచే తినిపిస్తుంది. చెబితే, తల్లి తగరం సంగతి చెప్పాలి. అది ఎవరి చేతి నుంచి వచ్చిందో చెప్పాలి. అన్నం పెట్టినవాడి పేరు, సమాధిలో పడుకున్నవాడి పేరు, బజారులో పెట్టి తొక్కించాలి.

ఆ సాయంత్రం కొట్లు కట్టేశాక ఉస్తాలందరూ ఆయన అరుగు మీద చేరారు.

"మా తాత ఆ గిన్నెలోనే తిన్నాడు, తొంభై ఏళ్ళు బతికాడు," అన్నాడు ఒకాయన.

"మీ తాత చివరికి కొడుకు పేరు కూడా మర్చిపోయాడు కదయ్యా," అన్నాడు లారూసీ. ఎవరూ నవ్వలేదు. లారూసీయే మళ్ళీ అన్నాడు, "ఒక మాట చెబుతాను వినండి అమీన్ గారూ. కడ్డీలు అమ్మినవాడి మీద తోసేద్దాం. వాడు ఈ ఊరివాడు కాడు. సరుకు కల్తీ వచ్చింది, మార్చి వేసిస్తాం అందాం. గిన్నెలూ వస్తాయి, పరువూ దక్కుతుంది."

"కడ్డీలు మంచివి. చేయని తప్పు ఒకడి నెత్తిన రుద్ది నేను నమాజుకు ఎట్లా నిలబడేది?" అన్నాడు తిజానీ.

"మరి ఉస్తా బెల్హసన్ పేరు చెబుతారా?" అన్నాడు లారూసీ.

"నా పేరు చెబుతాను. నా చేతి పూత చెడింది అంటాను. అమీన్‌గా గుర్తు వేసింది నేనే కాబట్టి అబద్ధం కాదు."

మర్నాడు చాటింపువాడు కోట గుమ్మాలన్నిటి దగ్గరా తిరిగాడు. తిజానీ పూత చెడింది, నెలవంక గుర్తున్న గిన్నెలేవీ వాడకండి, తెచ్చివ్వండి, డబ్బు లేకుండా గీకి మళ్ళీ వేసిస్తారు. ఊరు ముందు నమ్మలేదు. నమ్మాక తిట్టింది. ఒకావిడ గిన్నె తెచ్చి అరుగు మీద పడేసి, "నా కూతురి పెళ్ళివిందంతా ఇందులోనే వండించానయ్యా," అని ఇంకేమీ అనకుండా వెళ్ళిపోయింది. గిన్నెలు కుప్పపడ్డాయి. పని నేర్చుకునేవాళ్ళు చాలక, ఆ వయసులో తిజానీ చొక్కా చేతులు మడిచి, కాళ్ళు కడుక్కుని, ఇసుక పోసిన కాగులో దిగాడు. అమీన్ కాగులో దిగడం అంతకుముందు ఎవరూ చూసి ఎరగరు. చూసిన ఉస్తాలు ఒక్కొక్కరే వచ్చి పక్క గిన్నెల్లో దిగారు.

గీకడం అయింది, పూత కుదరలేదు. తల్లి లేని ఉత్త తగరం వాళ్ళ మాట వినలేదు. వాళ్ళ చేతులకు అలవాటైన వేడి దానికి చాలదు, వేడి పెంచితే మాడి పసుపెక్కుతుంది. దూదితో తుడవబోతే ముద్దలు కట్టుకుంటుంది. ఎంత అనుభవం ఉన్న చేతులైనా పసిపిల్లల చేతులైపోయాయి. ఇక చేసేదేముంది, తిజానీ పశువుల సంత దారి పట్టాడు.

దావూ కొలిమి దగ్గర సిగరెట్టు కాలుస్తూ కూర్చున్నాడు. ఆయన్ని చూసి లేవలేదు.

"రండి అమీన్ గారూ. తోవ తప్పారా? పెద్ద మసీదు అటువైపు."

"నీ దగ్గరికే వచ్చాను."

"నా తల్లి తగరం ఏదని మళ్ళీ అడగడానికా?"

"అనాల్సినవన్నీ అను. నేను విని, ఆ తర్వాత అడుగుతాను."

దావూ నిజంగానే అన్నాడు. గుడారాల వాళ్ళ కెటిల్స్‌తో పిల్లల్ని సాకడం ఎట్లా ఉంటుందో చెప్పాడు. కైరవాన్ పెళ్ళిళ్ళలో తన గిన్నె చూసి వంటవాళ్ళు వెనక్కి నెట్టేసిన సంగతి చెప్పాడు. తన కొడుకును బడిలో అనాథ పూత అని పిలిచిన సంగతీ చెప్పాడు. తిజానీ కదలకుండా విన్నాడు. సిగరెట్టు అయిపోయాక దావూ అడిగాడు.

"ఇప్పుడేం కావాలి?"

"ఉత్త తగరంతో పూత ఎట్లా పట్టించాలో మా వాళ్ళకు చూపించు. మౌలిద్ లోపల ఉమ్మడి కాగు కావాలి."

"నాకు వచ్చింది పెద్ద విద్యేం కాదయ్యా. సీసం కొనే దారి తెలియక, షాపువాడు ఇచ్చిన కడ్డీ అట్లాగే వేశాను. వేడి ఎక్కువ పెట్టాలి, నవాసాగరం ముందుగా చల్లాలి, చేయి ఆడుతూనే ఉండాలి. మెరవదు గానీ పడుతుంది." కొలిమిలో నిప్పు కెలికి, "కాగు దగ్గరికి నేనే వస్తాను. మీ కోసం కాదు. అందులోంచి నా పిల్లలకూ పెడతారు కదా," అన్నాడు.

అలా దావూ రాగి బజారులోకి మొదటిసారి పనిముట్లతో నడిచొచ్చాడు. ఉమ్మడి కాగుకు పూత పడింది. మెరుపు లేదు, చందమామ మీద మచ్చల్లా బూడిదరంగు మరకలు. రాదియా పులుపు పోసి ఉంచి, పరీక్ష చేసి, సరేనంది.

అంతా ఒక దారిన పడిందనుకుంటున్నప్పుడు, గీకిన గిన్నెల కోసం వచ్చిన ఒక ముసలావిడ చంకలో ఇంకో గిన్నె కనబడింది. బాగా పాతది, తిజానీ అమీన్ కాకముందుది, అంచు మీద నెలవంక లేనిది, పండగలకు తప్ప అటక మీంచి దించనిది. తిజానీ చేయి చాచాడు. ఆవిడ వెనక్కి లాక్కుంది.

"ఇది నీది కాదులే నాయనా. ఉస్తా బెల్హసన్ చేతిది. నీ చేయి చెడితే ఆయన చేయేం చేసింది పాపం? ఈ ఏడు అసీదా ఇందులోనే వండుతున్నాం. మా వీధిలో ఆయన గిన్నె ఉన్నవాళ్ళందరం వాటినే దించుతున్నాం."

తిజానీ తన పేరు అడ్డం పెట్టి ఉస్తా పేరును దాచాననుకున్నాడు. ఆ దాచినదే ఊళ్ళో జనాన్ని ఉస్తా గిన్నెల మీదికి తోలుతోంది. అయినా ఆవిడ గిన్నె పట్టుకుని వెళ్ళిపోతుంటే చూస్తూ నిలబడ్డాడు.

మర్నాడు శుక్రవారం. ఉస్తా పోయినప్పటి నుంచీ, ప్రతి శుక్రవారం మధ్యాహ్నం నమాజు తర్వాత తిజానీ భోజనం లెల్లా మన్నూబియా ఇంట్లోనే. పిల్లలు లేని మనిషి ఆవిడ, ఆ ఒక్క పూటే ఇద్దరికి వండుకుంటుంది. ఆ ఒక్క పూటే బెల్హసన్ చివరగా పూత వేసిన గిన్నె పొయ్యి మీదికి ఎక్కుతుంది. తిజానీ అది చాటింపుకు ముందే అడిగి తీసుకోవాల్సింది. అడగలేకపోయాడు.

ఆవిడ నడవలో చాప వేసి ఉంచింది. "రా నాయనా. చిక్కిపోయావేమిటి? బజారులో నిన్ను తిడుతున్నారట కదా. తిట్టనీ, తిట్టేవాళ్ళు మళ్ళీ నీ దగ్గరికే రావాలి. కూర్చో."

గోధుమరవ్వతో చేసిన కుస్కుస్ పళ్ళెం మధ్యలో పెట్టింది. శనగలు, గుమ్మడి, గొర్రె మాంసం, ఎర్రగా టమాటా. పులుసు గిన్నెలోంచి గరిటెతో తీసి తిజానీ వైపున్న కుస్కుస్ మీద పోసింది. బిస్మిల్లా అని తను ముద్ద తీసుకోబోయింది.

తిజానీ ఆవిడ మణికట్టు పట్టుకున్నాడు. పసివాడిగా వచ్చిన నాటి నుంచి ఆవిడకు ఎప్పుడూ ఎదురు చెప్పినవాడు కాదు.

"తినకండి, లెల్లా."

"ఏమయింది? ఉప్పెక్కువైందా?"

"తినకండి. నేనూ తినను."

ఆ ఇంట్లో పెట్టిన అన్నం తినను అన్నవాడు అప్పటిదాకా లేడు. ఆవిడ అతని ముఖంలోకి చూసింది, తర్వాత గిన్నెలోకి చూసింది. ముద్ద పళ్ళెంలో వదిలేసింది.

"ఆయనదీ అంతేనా?"

"ఆయన దగ్గర్నుంచే, లెల్లా. తల్లి తగరం అంతా సీసమే."

ఆవిడ అరుస్తుందనో ఏడుస్తుందనో తిజానీ సిద్ధపడే వచ్చాడు. ఆవిడ రెండూ చేయలేదు. చేతులు ఒడిలో పెట్టుకుంది.

"యుద్ధం వచ్చిన ఏడు తగరం దొరకలేదు. ఊరంతా చిలుమెక్కిన గిన్నెల్లో వండుకుని కక్కుకుంటున్నారు. మా మరిది బిడ్డ అట్లాగే పోయింది. బాంబులు పడి కూలిన స్నానాల ఇంటి సీసం గొట్టాలు తెచ్చాడాయన, కరిగించి తల్లి తగరంలో కలిపాడు. తగరం వచ్చేదాకా గడవాలి మన్నూబియా అన్నాడు. చిలుము ఆగింది. జనం దీవించారు. ఆ తర్వాత తగరం వచ్చింది. మానేద్దామనుకున్నాడు. మానేస్తే పూత మెరవడం లేదు, ఉస్తా చేయి తగ్గిందని అన్నారు. మీరందరూ కూడా ఆ మెరుపునే పొగిడారు. ఆయనకూ అంత హాని ఉందని తెలియదురా. కానీ మనసులో ఏదో ఉండేది. ఎప్పుడూ నా వంట తిని, బాగుంది అని ఊరుకునేవాడు కాదు, కడుపులో బాగుందా అని అడిగేవాడు."

తిజానీ ముఖం పక్కకు తిప్పుకున్నాడు. "ఆయన పేరు ఎత్తలేదు, లెల్లా. నా చేయి చెడిందనే చాటించాను."

"ఎందుకు?"

"ఈ ఇంటి అన్నం తిన్నాను."

"అన్నం తిన్నవాడివి కాబట్టే అడుగుతున్నాను. ఆయన గిన్నెలు ఎన్ని అటకల మీద ఉన్నాయో నీకు తెలుసు. నీ పేరు చెబితే అవి దిగుతాయా?"

"దిగుతున్నాయి. అందులోనే అసీదా వండుతారట. నా గిన్నెలు పాడని, ఆయనవి మంచివని."

లెల్లా మన్నూబియా లేచింది. పళ్ళెంలోదంతా గిన్నెలోకి ఎత్తి, పెరట్లో గుంట తీయమంది. కోళ్ళకు కూడా వేయొద్దంది. తిజానీ గుంట తీశాడు. ఆ పూట ఇద్దరూ రొట్టె, ఆలివ్‌లు తిన్నారు. తిన్నాక ఆవిడ తెల్ల సఫ్సారీ తల మీదుగా కప్పుకుని, కడిగిన గిన్నెను చేతికి తీసుకుంది.

"ఇవ్వండి, నేను పట్టుకుంటాను."

"నా మొగుడి గిన్నె నేనే మోస్తాను. నువ్వు నోరు సిద్ధం చేసుకో."

సాయంత్రపు అస్ర్ నమాజు వదిలాక బజారు కిటకిటలాడుతోంది. తిజానీ తన అరుగు ఎక్కి నిలబడ్డాడు. మాట్లాడటం అలవాటు లేని మనిషి, పెద్దగా అరవనూ లేదు. విన్నవాళ్ళు విననివాళ్ళకు చెప్పారు.

"నిన్నటిదాకా సగమే చెప్పాను. మిగతా సగం ఇది. తల్లి తగరంలో సీసం ఉంది. అది నాకు ఇచ్చింది నా ఉస్తా బెల్హసన్. యుద్ధం నాడు మిమ్మల్ని చిలుము నుంచి కాపాడటానికి కలిపాడు, తర్వాత ఆపలేకపోయాడు. మేమంతా తెలియక దాన్ని మోశాం, మోస్తున్నందుకు గర్వపడ్డాం. ఆయన చేతి గిన్నె ఎవరి ఇంట్లో ఉన్నా వండకండి. మొదటి గిన్నె ఆయన ఇంటి నుంచే వచ్చింది."

బెల్హసన్ దగ్గర తిజానీతోపాటు పని నేర్చుకున్న ముసలి ఉస్తా ఒకాయన ఉన్నాడు. ఆయన తన కొట్టు తలుపులు మూసి, తాళం వేసి, తిజానీ పక్క నుంచే సలాం చెప్పకుండా నడిచి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ సలాం చెప్పలేదు. తిజానీ కూడా ఆయన్ని తప్పు పట్టలేదు.

చీకటిపడక ముందే అటకల మీది గిన్నెలు రావడం మొదలైంది. కొందరు తెచ్చి ఇచ్చి, గీకుతుంటే చూడలేక వెళ్ళిపోయారు. కొందరు గీకవద్దు, వండం, జ్ఞాపకంగా ఉంచుకుంటాం అన్నారు. అలాంటి వాటి అడుగున మేకుతో కన్నం కొట్టి ఇచ్చాడు తిజానీ, మళ్ళీ ఏ కోడలో తెలియక పొయ్యి మీద పెట్టకుండా.

లెల్లా మన్నూబియా గిన్నెలో మాత్రం ఆయనే దిగాడు. బెల్హసన్ పూత గట్టిది, అంత తేలిగ్గా వదల్లేదు. ఆవిడ స్టూలు మీద కూర్చుని, రాగి ఎర్రగా బయటపడేదాకా కళ్ళు తిప్పకుండా చూసింది. ఆ తర్వాత దావూ నిప్పు రాజేశాడు, తిజానీ తగరం రుద్ది దూదితో తుడిచాడు. చేయి ఇంకా కుదరలేదు. ఒకపక్క మచ్చ పడింది.

"మళ్ళీ వేస్తాను, ఉండండి."

"ఏం అక్కర్లేదు. వంటకు మచ్చతో ఏం పని? ఇటివ్వు."

"వేడిగా ఉంది, లెల్లా. చల్లారనివ్వండి."

"ఇంటికి చేరేసరికి చల్లారుతుందిలే," అని ఆవిడ సఫ్సారీ కొంగుతో గిన్నె అంచు పట్టుకుని లేచింది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, "శుక్రవారం రా. దావూని కూడా తీసుకురా," అంది.